నాయన ‘ఆఁ’ అన్నాడు

పోయిన నెలలో ఒక రాత్రి మా ఇంట్లో ఎవరమూ నిద్రపోలేదు. నాయనకు ఏడాదికోసారి చేయించే రక్తపరీక్షలు నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేయించి, సాయంత్రం రిపోర్టు ఇంటికి తెచ్చుకున్నాం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 4.2 అని ఉంది. పోయినేడాది 1.0. అమ్మ ఏమీ అడగకుండా దేవుడి దగ్గర దీపం పెట్టి అక్కడే కూర్చుంది. అక్క ఫోన్లో ఏడ్చింది. బావ మాత్రం "రాయవేలూరు ఆసుపత్రికి తీసుకుపోదాం, పొద్దున్నే కారు మాట్లాడతా" అన్నాడు. నాయన మామూలుగానే అన్నం తిని, "నాకేం కాలేదు, ఒళ్లు తేలిగ్గానే ఉండాది" అని మంచమెక్కాడు. ఆయనకూ నిద్ర పట్టలేదని తెల్లవారుజామున అటూ ఇటూ దొర్లుతుంటే తెలిసింది.

మర్నాడు డాక్టరు రిపోర్టు తీసుకుని అంకెలకంటే ముందు పేరు చూశాడు. "మీ నాన్న రమణయ్య కదా? ఇది రవణయ్యది" అన్నాడు. ఇంగ్లీషులో రెండూ తొమ్మిదేసి అక్షరాలు. మూడో అక్షరం ఒక్కటే తేడా, ఒకచోట ఎం, ఒకచోట వి. ఇంటిపేర్లు వేరైనా ఇద్దరికీ మొదట కె. వయసు మా నాయనకు 71, ఆయనకు 66.

గుండె మీదనుంచి బండ దిగినట్టయింది. రెండు నిమిషాలు కూడా గడవకముందే ఇంకో ఆలోచన వచ్చింది. మరి మా రిపోర్టు ఎవరి దగ్గరుంది? ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఆ రవణయ్య మా నాయన రిపోర్టు పట్టుకుని, కిడ్నీలు బాగున్నాయన్న సంతోషంతో ముందురోజు సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి పిలిపించారు. మా ఇంట్లో దీపం వెలుగుతున్న ఆ రాత్రే వాళ్లింట్లో అందరూ హాయిగా పడుకుని ఉంటారు. మాకు మర్నాడు పోయిన భయం వాళ్ల దగ్గరికి వెళ్లింది. నన్ను ఇప్పటికీ వదలనిది అదే.

కౌంటర్ దగ్గర అడిగితే అక్కడున్నాయన ఒక మాట అన్నాడు: "స్పెల్లింగ్ మీరు చూసుకోవాలి కదా సార్." కోపంలో నేనూ నాలుగు మాటలన్నాను. ఇంటికొచ్చాక ఆ మాట గురించే చాలా రోజులు ఆలోచించాను. నిజమే, నేను చూడలేదా? చూశాను. కె, ఆర్, ఏ కనబడ్డాయి, చివర్లో మన పేర్లకు ఉండే ఐ-ఏ-హెచ్ కనబడింది. మధ్యలో ఉన్నది నా కన్ను చదవలేదు, అక్కడ ఉంటుందనుకున్నది చదువుకుంది. ఇచ్చిన అమ్మాయీ అలాగే చూసుంటుంది. కాకపోతే ఆమె ఒకమాట అడిగింది కూడా. "రవణయ్యేనా తాతా?" అంది. నాయన "ఆఁ" అన్నాడు.

అబద్ధం చెప్పలేదు ఆయన. మా పక్క రమణయ్యను రవణయ్య అనే పిలుస్తారు, రమణమ్మను రవణమ్మ అనే పిలుస్తారు. అమ్మ, నాయన స్నేహితులు, పాలు పోసే మనిషి, అందరి నోటా ఆయన రవణయ్యే. రమణయ్య అన్నది కాయితాల మీద ఉండే పేరు. ఉదయగిరి ఆయన పేరు కూడా పుట్టినప్పుడు రమణయ్యే అయ్యుంటుంది, ఏదో ఒకరోజు ఏ గుమాస్తానో పలికింది పలికినట్టు వి పెట్టి రాసుంటాడు.

ఇద్దరు ఒకరైన చోట ఎవరూ అడగరు

నాయన పేరుకు బ్యాంకు పాసుపుస్తకంలో చివర ఐ-ఏ-హెచ్ ఉంది. పాత పొలం కాయితాల్లో వై-వై-ఏ ఉంది. రెండేళ్ల క్రితం ఒక పని మీద ఈ రెండూ కలవలేదని ఫైలు తిప్పి పంపారు. ‘ఈ రెండు పేర్లూ గల వ్యక్తి ఒక్కరే’ అని స్టాంపు కాయితం మీద రాయించి, నోటరీ చేయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాం. ఆ పని చేయని కుటుంబం మన జిల్లాల్లో ఉందా అని నా అనుమానం. శ్రీనివాసులుకు ఎస్ తర్వాత ఆర్-ఐ నా, ఆర్-ఈ-ఈ నా? పెంచలయ్యలో ఎల్ ఒకటా రెండా? చెంచయ్యకు చివర హెచ్ ఉందా? ఒక మనిషిని స్పెల్లింగ్ రెండు చేస్తే ఆఫీసు వెంటనే పట్టుకుంటుంది, రుజువు తెమ్మంటుంది.

ఇద్దరు మనుషులు ఒకరిలా కనబడినప్పుడు మాత్రం ఏ కంప్యూటరూ ఆగదు, ఏ గుమాస్తా రుజువు అడగడు. ‘ఈ ఇద్దరూ ఒకరు కారు’ అని అఫిడవిట్ రాయించుకున్నవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. మొదటి తప్పు వల్ల మనం నాలుగుసార్లు తిరుగుతాం, వెయ్యో రెండు వేలో ఖర్చవుతుంది. రెండో తప్పు వల్ల ఒకరి మందు ఇంకొకరి ఒంట్లోకి పోవచ్చు. అయినా జాగ్రత్త అంతా మొదటిదాని మీదే పెట్టాం.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 1918లో పేటెంట్ పొందిన సౌండెక్స్ అనే పద్ధతి ఉంది. పేరులో మొదటి అక్షరం అట్టే పెట్టి, అచ్చులు తీసేసి, మిగిలిన హల్లులకు అంకెలు వేస్తుంది. 1930లలో పాత జనాభా లెక్కల్లోని పేర్లకు సూచికలు తయారు చెయ్యడానికి వాడారు. స్మిత్‌ను ఐ తో రాసినా వై తో రాసినా ఒకే అంకె వస్తుంది, దాని ప్రయోజనమే అది. అంటే ఒకరి పేరు ఎన్ని రకాలుగా రాసినా ఒకచోటికి చేర్చడం. ఆ లెక్కన కోవూరుకు, కొవ్వూరుకు వేసి చూశాను. రెండింటికీ కె160 వచ్చింది. కలపడానికి చేసిన పనిముట్టు విడదీయమంటే ఏం చేస్తుంది?

కోవూరు, కొవ్వూరు

మాది పెన్న అవతల, కోవూరుకు దగ్గర పల్లె. గోదావరి ఒడ్డున రాజమండ్రికి ఎదురుగా ఉన్నది కొవ్వూరు. తెలుగులో రాస్తే ఇద్దరు చిన్నపిల్లలు కూడా తేడా చెబుతారు. ఒకదానికి దీర్ఘం, ఒకదానికి ఒత్తు. ఇంగ్లీషులో ఆ దీర్ఘం పోతుంది, ఒక వి మాత్రం మిగులుతుంది. నా పెళ్లికి హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితుడొకడు రైలు టికెట్ కొనేటప్పుడు కె-వి-ఆర్ అన్న స్టేషన్ కోడ్ చూసి, మన ఊరే అనుకుని కొన్నాడు. అది కొవ్వూరు కోడ్. కోవూరుకు దగ్గరి స్టేషన్ పడుగుపాడు, ఆ పేరులో కోవూరు ఎక్కడా లేదు. ముహూర్తానికి వాడు గోదావరి గట్టున ఉన్నాడు.

పిన్‌కోడు చూసుకోవచ్చు కదా అంటారు. నెల్లూరు వైపు 524తో మొదలవుతుంది, కొవ్వూరు 534తో. అక్కడా ఒక్క అంకే. అయినా పిన్‌కోడు అన్నది నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు. 1972 ఆగస్టు 15న మొదలైంది, తపాలా శాఖలో శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే అధికారి ప్రవేశపెట్టారు. ఒకే రకం ఊళ్ల పేర్లు, రకరకాల భాషలు, తప్పు చిరునామాల వల్ల ఉత్తరాలు తప్పిపోతున్నాయని పెట్టింది అది. ఆయన ఊళ్ల పేర్లు మార్చమనలేదు. స్పెల్లింగ్ సరిగ్గా రాయమని జనం మీద పెట్టి ఊరుకోలేదు. పేరు ఒక్కదాన్నే నమ్మవద్దు, పక్కన ఇంకో ఆనవాలు ఉంచండి అన్నారు, అంతే. మనుషుల విషయంలో ఆ మాట ఆసుపత్రి కౌంటర్ దాకా వచ్చినట్టు లేదు.

ఆమాటకొస్తే మన పెద్దలు ఈ పని ఎప్పుడో చేశారు. నెల్లూరు, వేలూరు, బ్రిటిష్ కాలంలో ఎల్లోర్ అని రాసిన ఏలూరు, మూడూ ఇంగ్లీషులో మొదటి అక్షరం దగ్గరే విడిపోతాయి. చెవిటి చెవికి వేలూరు, ఏలూరు ఒకటే. అందుకే మా అమ్మమ్మ ఎప్పుడూ రాయవేలూరు అనే అనేది, ఇప్పుడు బావ నోట వచ్చిందీ అదే. ముందర ఒక ‘రాయ’ తగిలిస్తే ఇక ఏ ఆసుపత్రి ఊరో అనుమానం ఉండదు. ఆఫ్రికాలో గాంబియా దేశం ఇంగ్లీషు పేరు ముందు ‘ది’ అని ఉంటుంది. 1964లో స్వతంత్రమైన జాంబియాతో కలగలిసిపోకూడదన్నది దానికి చెప్పుకున్న కారణాల్లో ఒకటి. అది చదివినప్పుడు నాకు అమ్మమ్మే గుర్తొచ్చింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. బ్రెజిల్‌లో కోట్లాదిగా కనబడే తెల్లటి మూపురం పశువుల జాతి పేరు నెలోర్, ఎల్ ఒక్కటే. అవి మన ఒంగోలు గిత్తల సంతతి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఆ పేరుతోనే పశువులు సముద్రం దాటాయి. ఎల్ రెండు వేసి వెతికితే నెల్లూరు గొర్రె వస్తుంది, అది వేరే జాతి. ఎల్ ఒకటా రెండా అన్నదాన్ని బట్టి గొర్రో గిత్తో! పశువైద్యం చదువుతున్న మా అక్క కూతురు ఈ సంగతి చెప్పినప్పుడు నమ్మలేక పుస్తకం తెమ్మన్నాను.

తెలుగులో రాస్తే చాలా?

మొదట్లో నా వాదన ఇదే. రిపోర్టు మీద, మందుల చీటీ మీద పేరు తెలుగులో కూడా అచ్చు వేయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో మన హ్రస్వం, దీర్ఘం, ట, త, ణ, న అన్నీ ఒకటైపోతాయి. లిపి మార్పిడికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15919 వచ్చింది 2001లో. అక్షరం నెత్తిన గీత పెడితే దీర్ఘం, కింద చుక్క పెడితే ట, ణ. చాలా శాస్త్రీయం. ఆ గీతా చుక్కా పెట్టి తన పేరు రాసుకున్న మనిషిని మాత్రం నెల్లూరులో చూపించండి. ఇంటర్నెట్ తొలిరోజుల్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి తెలుగువాళ్లు వాడిన ఆర్టీఎస్ అనే పద్ధతి అంతకంటే పనికొచ్చేది. కోవూరులో ఓ, యు పెద్దక్షరాలు. కొవ్వూరులో ఓ చిన్నది, వి రెండు. ఏ గీతలూ అక్కర్లేకుండా మామూలు కీబోర్డు మీదే విడిపోయేవి. యూనికోడ్ తెలుగు ఫోన్లలోకి వచ్చాక ఆర్టీఎస్ అవసరం తీరింది, అది మంచిదే. కానీ రిపోర్టుల మీద ఇప్పటికీ ఇంగ్లీషే ఉంది.

తెలుగులో రాస్తే చాలన్న వాదనకు అడ్డం వచ్చింది నాయన కార్డే. ఒక గుర్తింపు కార్డు మీద ఆయన పేరు ఇంగ్లీషులో సరిగ్గానే ఉంది. దాని పైన తెలుగులో ‘రామనయ్య’ అని ఉంది. మనిషిని అడిగి రాసింది కాదది, ఇంగ్లీషు చూసి యంత్రం ఊహించింది. పోయిన దీర్ఘం ఎక్కడిదో దానికెలా తెలుస్తుంది? అలాంటి తెలుగు పక్కనున్నా ఒకటే, లేకున్నా ఒకటే. పైగా నమ్మకం ఎక్కువ కాబట్టి ఇంకా ప్రమాదం.

పోనీ మనిషే కూర్చుని సరిగ్గా రాశాడనుకుందాం. రమణయ్య, రవణయ్య. రెండో అక్షరం చూడండి. వ కు పక్కన కొమ్ము పెడితే మ. చేతిరాతలో ఆ కొమ్ము ఎంత తేలిగ్గా పోతుందో బడిలో చదువు చెప్పేవాళ్లను అడగండి. మా గొడవ కోవూరు, కొవ్వూరు లాంటిది కాదు, తెలుగులోనూ అంతే దగ్గరి గొడవ. ఇది ఒప్పుకోవడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది, ఎందుకంటే తెలుగు రాస్తే అన్నీ తీరతాయని నలుగురితో గట్టిగా వాదించాను. ఊళ్ల పేర్లకు తెలుగు లిపి మందు. మనుషుల పేర్లకు సగం మందు.

బావది ఇంకో దారి. "పేరులో ఒక అక్షరం మార్పించు, ఎన్ రెండు పెట్టించు, ఇంక ఎవురితోనూ కలవదు" అన్నాడు. సంఖ్యాశాస్త్రం వాళ్ల మాటలు ఆయనకు కొంచెం గురి. 71 ఏళ్ల మనిషి పేరు మార్చడం అటుంచి, పేరు మారిస్తే కలగాపులగం తీరుతుందా అన్న ప్రశ్నకు మందుల కంపెనీల అనుభవమే జవాబు. గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్‌ను అమెరికాలో మొదట లోసెక్ అనే పేరుతో అమ్మారు. ఒంట్లో నీరు తీసే లాసిక్స్‌తో పొరపాట్లు జరుగుతున్నాయని 1990లో ప్రైలోసెక్ అని మార్చారు. కొన్నాళ్లకు ప్రైలోసెక్‌కు, మానసిక కుంగుబాటుకు వాడే ప్రోజాక్‌కు మధ్య పొరపాట్లు మొదలయ్యాయి. పేర్లు లక్షల్లో ఉన్నచోట ఒక పోలిక నుంచి పారిపోతే ఇంకో పోలిక ఎదురొస్తుంది.

అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2001లో ఇంకో పని చేయించింది. హైడ్రాలజీన్ రక్తపోటుకు, హైడ్రాక్సిజీన్ దురదకు. రెండూ పదకొండు ఇంగ్లీషు అక్షరాలే, మొదటి నాలుగూ చివరి నాలుగూ ఒకటే. వాటి పేర్లు మార్చకుండా, తేడా ఉన్న భాగాన్ని మాత్రం పెద్దక్షరాల్లో అచ్చు వేయమంది. కన్ను జారిపోయే చోటే కన్నును ఆపడం. మన ఆర్టీఎస్ పెద్దక్షరాల పద్ధతికి ఇది చుట్టమే. మా రిపోర్టులో ఎం, వి మాత్రం పెద్దవిగా, లావుగా ఉంటే నేనే ఆగి ఉండేవాణ్ని. దీనికి పెద్ద ఖర్చేం లేదు. ఒకేరోజు దగ్గరి పేర్లు రెండొచ్చినప్పుడు కంప్యూటరు హెచ్చరించడం కూడా కష్టమైన పని కాదు.

ఏమని అడగాలి

ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో మా పిన్ని కొడుకు పదేళ్లుగా ఉంటున్నాడు. స్టీఫెన్ అని ఎవరైనా చెబితే పి-హెచ్ తోనా, వి తోనా అని అడిగి రాసుకుంటారట. కేథరిన్ అంటే సి తోనా, కె తోనా అని అడుగుతారట. అది వాళ్ల సొంత భాష, వాళ్ల సొంత పేర్లు. అయినా అడుగుతారు, అడిగితే ఎవరూ చిన్నతనంగా అనుకోరు. మనమేమో అరువు అక్షరాల్లో రాసుకుని, అడగడం ఎందుకు, కనబడుతోంది కదా అనుకుంటున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగుల భద్రతకు తొమ్మిది సూచనలు ఇచ్చింది. మొదటిది పోలిక ఉన్న మందుల పేర్ల గురించి, రెండోది రోగిని సరిగ్గా గుర్తించడం గురించి. పేరుతో పాటు కనీసం ఇంకొక ఆనవాలు చూడమంటుంది. నా మటుకు నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ప్రశ్న వేసే తీరు. "రవణయ్యేనా?" అంటే చెవి సరిగ్గా వినబడని పెద్దాయన, పొద్దున్నుంచి ఏమీ తినకుండా లైన్లో నిలబడిన మనిషి, "ఆఁ" అనే అంటాడు. మంచితనంతో అంటాడు. "మీ పేరేంది? ఏ ఊరు?" అంటే ఆయనే చెప్పాలి.

దీనికి ఎదురుమాటలు లేకపోలేదు. పొద్దున ఏడింటికి ఆ కౌంటర్ ముందు జనం ఎంత ఉంటారో నేను చూశాను. ఒక్క అమ్మాయి, చేతిలో కవర్ల కట్ట, వెనక నుంచి అరుపులు. ఒక్కొక్కరికి పది సెకన్లు ఎక్కువైనా లైను గేటు దాకా పోతుంది. ఆమె మీద నాకిప్పుడు కోపం లేదు. ఇంకొక మనిషిని అక్కడ కూర్చోబెట్టని వాళ్ల మీద ఉంది.

ఇంకొకటి మరీ బరువైనది. ఊళ్లో అయితే మనుషుల్ని విడదీసేది ఇంటిపేరు. మన దగ్గర ఇంటిపేరు అడగడమంటే చాలాసార్లు కులం అడగడమే. ఆసుపత్రిలో పదిమంది ముందు ఆ ప్రశ్న ఎదురైతే ఇబ్బందిపడే మనుషులున్నారు, వాళ్ల ఇబ్బంది న్యాయమైనది. కాబట్టి ఇంటిపేరు వద్దు. పుట్టినరోజు అడగమంటే, మా నాయన తరానికి పుట్టినరోజు ఎవరు రాసిపెట్టారు? కార్డులో ఆయనది జులై 1. ఆయన స్నేహితుల్లో ఇంకో ముగ్గురిదీ జులై 1. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ అది. ఫోన్ నంబరు అంటే కొడుకుదో కూతురిదో ఉంటుంది, వాళ్లకు నోటికి రాదు. తిప్పి తిప్పి చూస్తే మిగిలేది ఊరు, తండ్రి పేరు. ఆ రెండూ చదువు రానివాళ్లకు కూడా నోటికి వస్తాయి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరొస్తే అప్పుడూ చిక్కే, కానీ అలాంటి ఇద్దరు ఒకరికొకరు తెలిసే ఉంటారు.

ఉదయగిరి ఆయన ఫోన్ నంబరు ఆసుపత్రి వాళ్లు నాకివ్వలేదు, ఇవ్వకూడదు కూడా. ఆయన వచ్చాడని, వైద్యం మొదలుపెట్టారని మాత్రం చెప్పారు.

మొన్న మళ్లీ వెళ్లాం. నాయనకు పరీక్ష తిరిగి చేయించమని డాక్టరు చెప్పాడు. రిపోర్టు తీసుకునే చోట అదే అమ్మాయి ఉంది. మమ్మల్ని గుర్తుపట్టిందో లేదో తెలియదు. ఈసారి "పేరు చెప్పండి తాతా" అంది.

"రవణయ్య" అన్నాడు నాయన.

నేను నోరు తెరవబోయి ఆగాను. ఆ అమ్మాయి కవర్ల కట్ట వంక చూసి, తలెత్తి, "ఏ ఊరు?" అని అడిగింది. నాయన మా ఊరి పేరు చెప్పాడు, మా తాత పేరు చెప్పాడు, కోవూరు దాటినాక ఏ మలుపు దగ్గర దిగాలో కూడా చెప్పడం మొదలుపెట్టాడు. వెనక జనం కదులుతున్నారు. ఆమె ఆయన్ని చెప్పనిచ్చి, కట్టలోంచి ఒక కవరు తీసి, పైనున్న పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివి, అప్పుడు ఇచ్చింది.